పాఠంలో లేని తలుపు

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో వెంకటలక్ష్మి జిరాక్స్ షాపు పెట్టి పదమూడేళ్లయింది. ఈ పదమూడేళ్లలో ఆమె టైపు చేసినంత ఇంగ్లీషు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ చేసి ఉండరు. ఉద్యోగాల దరఖాస్తులు, కోర్టు అఫిడవిట్లు, ఇంజనీరింగు పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఒకసారి ఎవరిదో పీహెచ్‌డీ కూడా ఆమె చేతుల మీదుగానే వెళ్లింది. కాగితం పక్కన పెట్టుకుని కూర్చుంటే వేళ్లు వాటంతటవే పరిగెడతాయి. అక్షరం తప్పు పడదు. కానీ ఇంతకీ ఏం కొట్టావని అడిగితే మాత్రం చెప్పలేదు.

ఆమెది నెల్లిమర్ల. తండ్రి జూట్ మిల్లులో పనిచేసేవాడు. చదువంతా తెలుగు మీడియం. ఇంటర్లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పి, మూడోసారి ముప్పయ్యారు మార్కులతో గట్టెక్కింది. ఆ పరీక్షలో ఉత్తరం రాయమంటే గైడులో బట్టీ పట్టిన ఉత్తరాన్ని పొల్లు పోకుండా దించేసింది. అది ఎవరికి రాసిన ఉత్తరమో ఆమెకి ఇవాళ్టికీ తెలియదు. పెళ్లయ్యాక చీపురుపల్లి వచ్చింది. భర్త ఈశ్వర్ స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. అతని పెద్దలది శ్రీముఖలింగం. అందుకే షాపుకి ముఖలింగేశ్వర జిరాక్స్ అని పేరు పెట్టారు.

జూన్ నెలలో ఒక సాయంత్రం రూబీ అనే టీచరు పెన్‌డ్రైవ్ పట్టుకుని షాపుకి వచ్చింది. రైల్వే గేటు అవతల ఉన్న ప్రైవేటు స్కూల్లో ఆ ఏడాది పదకొండో తరగతికి అడ్వాన్స్‌డ్ ఇంగ్లీష్ అని ఒక క్లాసు మొదలుపెట్టారట. ఇరవయ్యారు మంది పిల్లలు. పాఠాలు చెప్పేది రూబీయే. ఆమెకి ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. విజయనగరంలో ఉంటూ రోజూ పాసింజర్ బండిలో వచ్చిపోతుంది. తాత బాప్టిస్టు చర్చి పాస్టరుగా చేశాడని, ఇంట్లో అందరికీ చదివే అలవాటని తర్వాత మాటల్లో తెలిసింది.

ఆమె ఇచ్చినవి రెండే కాగితాలు. పిల్లలు ఎలా చదువుకోవాలో చెప్పే సూచనలు. ప్రింటు తీస్తూ వెంకటలక్ష్మి ఒక మాట దగ్గర ఆగింది. అదే మాట ఆ కాగితంలో ఆరేడు చోట్ల ఉంది.

"ఎనోటేట్ అంటే ఏటి మేడం?" అని అడిగింది.

"పెన్సిల్ పట్టుకుని చదవడమండి. చదువుతూ ఉంటే మనకి వచ్చిన అనుమానాలు, తోచిన మాటలు పక్కన ఖాళీలో రాసుకోవడం."

"పుస్తకంలోనే?"

"పుస్తకంలోనే."

"మా మేస్టారైతే పుస్తకంలో గీత గీస్తే సెయ్యి వాసిపోయేలాగ కొట్టేవోరు," అంది వెంకటలక్ష్మి. రూబీ నవ్వింది కానీ, వెంకటలక్ష్మి నవ్వడానికి అనలేదు. నిజంగానే ఆమెకి బోధపడలేదు. తెలియనివన్నీ పుస్తకం నిండా రాసి పెట్టుకుంటే పరీక్షకి పనికొచ్చేది ఏం మిగులుతుంది?

అలా బోధపడనిది తనకొక్కదానికే కాదని తొందరలోనే తేలింది. వారం తిరక్కుండా ఆ క్లాసు పిల్లలు ఒక్కొక్కరే షాపుకి రావడం మొదలుపెట్టారు. పోయినేడాది జవాబులున్నాయా ఆంటీ అని అడిగేవారు. పోయినేడాది ఆ క్లాసే లేదని చెబితే, అయితే ఇంకెక్కడ దొరుకుతాయని అడిగేవారు. ఒకరోజు ఎరువుల వ్యాపారి నరసింగరావు స్వయంగా వచ్చాడు. ఆయన కొడుకు గోవింద్ ఆ క్లాసులోనే ఉన్నాడు.

"అమ్మా, ఈ మొదటి ఎసైన్‌మెంటు నువ్వే కదా కొట్టేవు. ఈ నాలుగో ప్రశ్నకి జవాబు ఏ పేజీలో ఉన్నాదో కొంచెం సూసి సెప్పు. మావోడు రెండ్రోజుల్నుంచి తల పట్టుకుని కూకున్నాడు."

వెంకటలక్ష్మి ప్రశ్న కింద ఉన్న చిన్న అక్షరాలు చూసింది. ఫోనులో ఒక్కొక్క మాటకీ అర్థం వెతికి, "దీనికి సరైన జవాబంటూ ఒకటుండదు, నీకు తోసింది రాసి ఎందుకో సెప్పమని ఉంది," అంది.

నరసింగరావు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "జవాబే లేని ప్రశ్న ఎందుకు అడగడం? మరి మార్కులు ఎలగ ఏస్తారు?"

"నాకేటి తెలుస్తాది బాబూ."

ఆయన వెళ్లాక కూడా ఆ మాట ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది. అప్పులకీ ఆస్తులకీ లెక్క ఉన్నట్టే ప్రశ్నకి జవాబు ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకుంది. తనకి రాకపోవచ్చు, ఎక్కడో ఉండి తీరుతుంది. లేకుండా ఎలా ఉంటుంది?

జులై రెండో వారంలో రూబీ రెండో ఎసైన్‌మెంటు, మూడో ఎసైన్‌మెంటు ఒకేసారి పంపింది. ఒక్కొక్కదానికి ఒక ప్రశ్నల పేజీ, వెనక నాలుగు పేజీల పాఠం. ఈసారి పాఠాలకి పేర్లు లేవు. పేరు ఉంటే పిల్లలు ఫోనులో కొట్టి సారాంశం తెచ్చేసుకుంటున్నారని రూబీయే తీసేసింది. రెండోది వెంటనే ఇచ్చేయాలి. మూడోది రెండు వారాల తర్వాత తీసుకువెళ్తానంది.

ఆ మధ్యాహ్నం కరెంటు నాలుగైదుసార్లు పోయింది. పాఠాల పేజీలు ఒక పక్క, ప్రశ్నల పేజీలు ఒక పక్క బల్ల మీద దొంతర్లుగా పేర్చి, మిషను మాటిమాటికీ ఆపి మళ్లీ వేసి, చివరికి చెమటలు కక్కుకుంటూ పిన్నులు కొట్టింది. ఒక కట్ట స్కూలుకి పంపి, రెండో కట్టకి తాడు కట్టి అటక మీద పెట్టింది.

మూడో రోజు పొద్దున్న స్కూలు యూనిఫాంలో ఒక అమ్మాయి వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. రద్దీ తగ్గేవరకూ నోరు విప్పలేదు. పేరు అరుణశ్రీ. సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి గంగులు వేటకి వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. స్కాలర్‌షిప్పు పరీక్ష నెగ్గి ఆ స్కూల్లో చేరి హాస్టల్లో ఉంటోంది.

"ఆంటీ, ఇందులో పేజీ ఏటైనా పోయిందేటి?"

వెంకటలక్ష్మి లెక్కపెట్టి చూసింది. "అయిదు పేజీలు. అన్నీ ఉన్నాయి కదా."

"మిగతా ప్రశ్నలు ఏ కథకైనా సరిపోతాయి. కానీ మూడో ప్రశ్నలో, ఆవిడ తలుపు ఎందుకు తెరిసి ఉంచిందని అడిగేరు. ఇందులో తలుపు లేదు."

"సరిగ్గా సూసేవా?"

"నాలుగుసార్లు సూసేను. ఇది గొడుగులు బాగు సేసే తాత గురించి. ఆడమనిషే లేదు ఇందులో."

మిషను దగ్గర ఇద్దరు ఆధార్ కాపీల కోసం ఎదురుచూస్తున్నారు. వెంకటలక్ష్మికి విసుగేసింది. అయినా పెద్ద క్లాసు ఇంగ్లీషు కదా, జవాబు లేని ప్రశ్నలు అడిగినవాళ్లు లేని తలుపు గురించి కూడా అడుగుతారేమో.

"మీ మేడం ఇచ్చిందే నాను ఏసేను. తలుపు లేకపోతే లేదనే రాసెయ్యి," అంది.

అమ్మాయి తల ఊపి వెళ్లిపోయింది.

మళ్లీ వచ్చింది పది రోజులకి. ఈసారి చేతిలో దిద్దిన జవాబు పేపరు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి మూడో ప్రశ్న మీద వేలు పెట్టింది. మూడో ప్రశ్న కింద ఇంగ్లీషులో మూడు వాక్యాలు. వాటి పక్కన ఎర్ర సిరాతో సున్నా. దాని కింద ఏదో రాసి ఉంది.

"ఏటి రాసేరే?"

"పాఠం సదవకుండా రాసేవు అని రాసేరు."

"నువ్వేటి రాసేవు?"

అరుణశ్రీ తన వాక్యాలు తెలుగులో చెప్పింది. "ఈ పాఠంలో తలుపు లేదు. నాను నాలుగుసార్లు ఎతికేను. ఉంటే ఎక్కడుందో సెప్పండి అని."

"మిగతావోళ్లు?"

"అందరికీ మార్కులు వచ్చేయి. గోవింద్‌కి పదికి ఎనిమిది. తలుపు అంటే మనసు అని రాసేడు. తలుపు అంటే కొత్త అవకాశం అని కొందరు రాసేరు." అమ్మాయి గొంతులో ఏడుపు లేదు. ఎవరైనా విప్పి చెబితే వినాలన్నట్టు ఆమె ముఖంలోకే చూసింది. "వోళ్లకి కనబడింది నాకెందుకు కనబడలేదు ఆంటీ? మా ఊళ్లో ఇలగ సదువు సెప్పరు కదా, అందుకేటి?"

తలుపు లేదని రాయమన్నది వెంకటలక్ష్మే. ఆ పేపరు ఒక కాపీ తీసి ఉంచుకుని, తర్వాత చెబుతానని ఆ పిల్లని పంపించేసింది. ఏం చెబుతుందో తనకే తెలియదు.

మర్నాడు ఆదివారం. షాపు సగం షట్టరు దించి, గొడుగుల తాత పాఠం ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమె జీవితంలో ఇంగ్లీషు ముక్క ఒకటి మొదట్నించి చివరిదాకా చదవాలని కూర్చోవడం అదే మొదలు. పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడితే రెండో పేజీ చివరికి వచ్చేసరికి పన్నెండయింది. తెలియని మాటకల్లా ఫోనులో అర్థం చూసి, మర్చిపోతానని పెన్సిల్‌తో పక్కనే రాసుకుంది. బజారు మూల కూర్చుని గొడుగులు బాగుచేసే ముసలాయన. ఒక ఏడు వానలు పడలేదు. గొడుగు పట్టుకుని వచ్చేవాడే లేడు. అయినా ఆయన రోజూ వచ్చి పెట్టె తెరిచి, తన గొడుగు కుట్లే విప్పి మళ్లీ కుట్టుకునేవాడు.

ఈశ్వర్ అన్నానికి పిలవడానికి వచ్చి భార్యని చూసి నిలబడిపోయాడు. "ఏటే, పరీక్షకి కడతన్నావేటి?"

"తలుపు ఎతుకుతన్నాను."

"ఏ తలుపు?"

"ఇందులో ఉన్నాదట. నాకూ కనబడ్డం లేదు బావా."

అతను ఆ కాగితాన్ని చూశాడు, ఆమెని చూశాడు, ఏమీ అర్థంకాక అన్నం షాపుకే తెచ్చి పెట్టి వెళ్లాడు.

నాలుగు పేజీలూ అయ్యేసరికి మూడున్నర దాటింది. తలుపు లేదు. కిటికీ కూడా లేదు. ఆ ముసలాయన రోజంతా కూర్చునేది వీధిలో. ఇంకేం చేయాలో తోచక లేచి బల్ల సర్దుతుంటే అటక మీది కట్ట కనబడింది. రెండు వారాల తర్వాత తీసుకువెళ్తానన్న మూడో ఎసైన్‌మెంటు. దించి తాడు విప్పింది. ప్రశ్నల పేజీ తిప్పి, వెనక పాఠంలో తెలిసిన మాట కోసం వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లింది. రెండో పేరాలోనే ఉంది. తలుపు. మూడో పేజీలో మళ్లీ ఉంది. ఆఖరి పేజీలో మూడుసార్లు ఉంది.

రెండో ఎసైన్‌మెంటు ప్రశ్నల వెనక మూడోదాని పాఠం వెళ్లింది. మూడోదాని ప్రశ్నల వెనక రెండోదాని పాఠం ఇక్కడ అటక మీద కూర్చుంది. కరెంటు పోయిన మధ్యాహ్నం రెండు దొంతర్లూ తనే తారుమారు చేసింది.

ఆమెకి ముందు భయమేసింది. ఆ వెంటనే భయం కన్నా పెద్దది ఇంకొకటి పట్టుకుంది. తప్పు తనదే, ఒప్పుకుంటుంది. కానీ పాఠంలో తలుపే లేనప్పుడు మిగతా పాతిక మంది దేని గురించి రాశారు? దానికి మార్కులు ఎలా పడ్డాయి?

సోమవారం ఎనిమిదిన్నర బండికి రూబీ దిగేసరికి వెంకటలక్ష్మి ప్లాట్‌ఫారం మీదే ఉంది. రెండు కట్టలూ చూపించి జరిగింది చెప్పింది. రూబీ బెంచీ మీద కూర్చుని కాగితాలు తిరగేసింది.

"తప్పు నాదే మేడం. మీ పెద్దసారుకి నానే సెప్తాను. ఆ పిల్లకి మార్కులు ఇచ్చియ్యండి."

"మీరొక్కరిదే కాదండి," అంది రూబీ. "నేను ఆ పేపర్లు రైల్లో దిద్దాను. నా దగ్గరున్న అసలు పాఠంలో తలుపు ఉంది. పిల్లలు తలుపు గురించి రాశారు. సరిపోయిందనుకున్నాను. ఇద్దరు ముగ్గురు గొడుగు అని రాస్తే, కథలో వాన ఉంది కదా, ఊహించి రాశారనుకున్నాను." మళ్లీ కాగితాలు తిప్పుతూ, "అందరివీ ఒకేలా ఉన్నాయని కూడా అనిపించింది. ఫోనులో ప్రశ్న కొట్టి, అది చెప్పింది రాసి ఉంటారు. చదవనివాళ్లకి ఎనిమిదేసి, చదివిన పిల్లకి చదవలేదని రాశాను," అంది.

"మరిప్పుడేటి సేస్తారు?"

"తెలీడం లేదు."

టీచరు నోట ఆ మాట వినడం వెంకటలక్ష్మికి కొత్త. తనకి తెలీకపోతే సరే. ఆవిడకీ తెలీకపోతే ఎవరిని అడగాలి?

ఇద్దరూ కలిసి నడిచి స్కూలుకి వెళ్లారు. ప్రిన్సిపాల్ ఉమాశంకర్ ఇంకా రాలేదు. రూబీ నేరుగా క్లాసుకే తీసుకువెళ్లి, ఏం జరిగిందో మీరే చెప్పండి అంది. వెంకటలక్ష్మి ఇరవయ్యారు మంది ముందు నిలబడి రెండు కట్టలూ పైకెత్తి చూపించింది.

"కాగితాలు నానే తిరగేసి కుట్టేసేను. మీకొచ్చిన పాఠంలో తలుపు లేదు. వేరే పాఠంలో ఉన్నాది," అంది.

మొదటి వరసలో గోవింద్ నెమ్మదిగా లేచాడు. "మేడం, మేం కూడా ఎతికేం. దొరకలేదు. కానీ లేదని రాస్తే మార్కులు పోతాయి కదా. ప్రశ్న అడిగేరంటే ఉన్నట్టే కదా అనుకున్నాం."

"నాకు అర్థం కాలేదేమో అనుకున్నాను మేడం," అంది వెనక నుంచి ఇంకో అమ్మాయి.

"మరి మాకొచ్చిన మార్కులు ఉంటాయా, పోతాయా?" అని ఎవరో అడిగారు.

ఎవరి మార్కులూ ఉండవని, అందరూ మళ్లీ రాయాలని రూబీ చెప్పింది. అరుణశ్రీ పేపరు అడిగి తీసుకుని, సున్నానీ దాని కింది వాక్యాన్నీ కొట్టేసి, పొరపాటు నాది అని రాసి సంతకం పెట్టింది. "తలుపు లేదని తెలిసి కూడా ఎందుకు రాశారో ముందు అది రాయండి. దానికి మార్కులు లేవు," అంది. మార్కులు లేకుండా ఎందుకు రాయాలో బోధపడలేదని పిల్లల ముఖాల్లో తెలిసిపోయింది. అరుణశ్రీ ముఖంలో కూడా సంతోషం కన్నా అయోమయమే ఎక్కువ కనబడింది. ఇంతమంది ఒకేసారి తప్పు చేస్తారని ఆ పిల్ల ఊహించి ఉండదు.

బయటికి వచ్చేటప్పుడు వెంకటలక్ష్మి ఆగి అడిగింది. "మేడం, ఆ తలుపు కథ కూడా రాత్రి సదివేను. అక్కా చెల్లెళ్లు కదా. తల్లి దెబ్బలాడి ఎల్లిపోతాది. పెద్దది వాన్లో కూడా తలుపు తెరిసి ఉంచుతాది. మీ జవాబేటి?"

"తల్లి తిరిగొస్తుందని ఆశ. చాలామంది అలాగే అంటారు. మీకేమనిపించింది?"

వెంకటలక్ష్మి చెప్పాలా వద్దా అని తటపటాయించింది. "తడికి తలుపు ఉబ్బిపోయిందేమో మేడం. మా ఇంట్లో అలగే అవుతాది. శ్రావణంలో ఎంత లాగినా పడదు. పెద్దపిల్ల మూయలేక వదిలేసుంటాది."

రూబీ నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. "ఏ వాక్యం చూసి అలా అనుకున్నారు?"

మళ్లీ కాగితాలు తీశారు. వెంకటలక్ష్మి పెన్సిల్‌తో గీత పెట్టుకున్న వాక్యం చూపించింది. వాన మొదలై నెల దాటింది, ఇంట్లో చెక్క సామానంతా బరువెక్కింది అని ఉంది. రూబీ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. "కానీ చెల్లెలు ఒకసారి మూస్తుంది కదా," అంది.

"మూస్తాది. భుజంతో తోసి మూస్తాదని ఉంది."

గంట కొట్టారు. "నేను ఆలోచించాలి," అని లోపలికి వెళ్లింది. తను చెప్పింది తప్పో ఒప్పో వెంకటలక్ష్మికి తేలనేలేదు.

ఆ తర్వాత ఉమాశంకర్‌కి సంగతి తెలిసి, ఇకపై స్కూలు కాగితాలన్నీ విజయనగరంలో వేయించాలని నిర్ణయించారు. ఆయన్ని తప్పు పట్టలేం, అంది వెంకటలక్ష్మి ఈశ్వర్‌తో. నరసింగరావు ఒకసారి వచ్చి, తన కొడుకుకి వచ్చిన ఎనిమిది మార్కులు ఎందుకు పోయాయో అడిగాడు. ఆమె మొత్తం చెప్పింది. ఆయన విని, "అయితే మావోడు రాసింది బాగానే ఉన్నాది కదా, పాఠం మారింది గానీ," అన్నాడు.

పిల్లలు మాత్రం షాపుకి రావడం మానలేదు. జవాబులడిగేవాళ్లు తగ్గలేదు. అరుణశ్రీ హాస్టలు నుంచి బయటికి పంపే రోజున, నెలనెలా రెండో ఆదివారం వస్తుంది. రూబీ పంపిన కొత్త ఎసైన్‌మెంటు కాపీ ఒకటి తెచ్చి ఇస్తుంది. ఇద్దరూ మిషను పక్కన స్టూళ్ల మీద కూర్చుని చెరో పెన్సిల్ పట్టుకుంటారు. మొన్న ఇచ్చింది ఏదో దూరదేశంలో టపా మోసే మనిషి గురించి. మూడు పేజీలయ్యాయి. ఆ మనిషి మంచివాడో కాదో వెంకటలక్ష్మికి ఇంకా తెలియలేదు. అరుణశ్రీ మంచివాడే అంటోంది. ఎక్కడుందో సూపించు అని ఈమె అడుగుతోంది.